బెజవాడలో తోడు దొరికే వీధి ఏది?

విజయవాడ నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వెయ్యొద్దన్నారు. మొత్తం వేసే చోటు లేదు కాబట్టి సంగతి నా మాటల్లో చెబుతాను.

ఆమెకు 36 ఏళ్ళు. తొమ్మిదేళ్ళు హైదరాబాదులో కాపురముండి, భర్తకు బదిలీ కావడంతో రెండేళ్ళ కిందట విజయవాడ వచ్చారు. ఆయన ఆఫీసు బెంజి సర్కిల్ దగ్గర. ఈమెది ఇంటి నుంచి చేసే ఉద్యోగం. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రాత్రి పది దాకా గది తలుపేసుకుని, చెవులకి హెడ్‌ఫోన్ తగిలించుకుని కూర్చోవాలి. బాబుకి తొమ్మిదేళ్ళు, పాపకి ఐదు. మామగారు పోయాక అత్తగారు ఉయ్యూరు దగ్గర పల్లెటూరి నుంచి వీళ్ళ దగ్గరికి వచ్చేశారు. మొదట సత్యనారాయణపురంలో ఒక వాటాలో ఎనిమిది నెలలున్నారు. తర్వాత పోరంకి వైపు ఒక అపార్ట్‌మెంటులో నాలుగో అంతస్తుకి మారారు.

మొన్న ఉగాదికి అత్తగారు బొబ్బట్లు చేసి, స్టీలు డబ్బాలో సర్ది, ఎదురు ఫ్లాటుకి పట్టుకెళ్ళారు. తలుపు జానెడు తెరుచుకుంది. డబ్బా లోపలికి వెళ్ళింది. “థ్యాంక్స్ ఆంటీ” అన్న మాట వినిపించింది, తలుపు పడిపోయింది. మూడు వారాలకి ఆ డబ్బా వాచ్‌మన్ చేతుల మీదుగా తిరిగొచ్చింది, శుభ్రంగా కడిగి, ఖాళీగా. “అత్తయ్య దాని మూత తీసి లోపలికి చూసి, ‘నాలుగు పంచదార పలుకులైనా వెయ్యలేదే అమ్మాయ్’ అన్నారు. ఆ రోజు అన్నం సరిగా తినలేదు” అని రాశారు. సెల్లారులో పిల్లలు ఆడుతుంటే ఎవరి కారు అద్దమో పగిలిందట. అప్పట్నుంచి అసోసియేషన్ వాళ్ళు ఆటలు బంద్ చేశారు. బాబు ట్యాబుకి అతుక్కుపోయాడు. అత్తగారు రోజు మార్చి రోజు “నన్ను ఊళ్ళో దింపెయ్యండిరా” అంటున్నారు.

భర్త కృష్ణకి అవతల, తాడేపల్లి వైపు గేటెడ్ కమ్యూనిటీలో లోను మీద ఫ్లాటు కొందామంటున్నారు. ఈమెకేమో మళ్ళీ సత్యనారాయణపురం వెళ్ళాలని ఉంది. అమ్మమ్మగారిల్లు అక్కడే ఉండేది, వేసవి సెలవులన్నీ అక్కడే గడిచాయి. ఆగస్టులో అగ్రిమెంటు అయిపోతుంది. “కుటుంబాలు కలివిడిగా ఉండే పేట ఒక్కటి చెప్పండి, చాలు” అని ముగించారు.

అమ్మా, పేట పేరు ఒకటి చెప్పి ఊరుకోవడం నాకేం కష్టం కాదు. ఈ ఊళ్ళో నేను ఏడు అద్దె ఇళ్ళు మారినదాన్ని. ఏ సందులో కుళాయి నీళ్ళు ఎప్పుడొస్తాయో కూడా చెప్పగలను. కానీ మీ ఉత్తరం రెండోసారి చదివినప్పుడు నాకు రెండు వాక్యాలు కనిపించాయి. ముందు వాటి సంగతి మాట్లాడుకుందాం.

సత్యనారాయణపురం ఇల్లు ఎందుకు ఖాళీ చేశారో రెండో పేజీలో రాశారు. “ఓనరుగారికి ప్రతిదీ కావాలి. ఎవరొచ్చారు, ఎందుకొచ్చారు, ఎప్పుడెళ్ళారు. మా తమ్ముడొస్తే ‘నిన్న వచ్చింది మీ సొంత తమ్ముడేనా’ అని అడిగింది. భరించలేకపోయాను.” సరే. మూడో పేజీలో ఇంకేదో చెబుతూ మధ్యలో ఒక మాట అన్నారు: “పాపకి ఫిట్స్ వచ్చిన రాత్రి ఆయన క్యాంపులో ఉంటే ఓనరుగారే ఆటో పిలుచుకొచ్చి, మాతో ఆసుపత్రికి వచ్చి, తెల్లారేదాకా కూర్చుంది.” ఈ రెండు వాక్యాలకీ మధ్య ఒక పేజీ దూరం ఉంది గానీ, మనిషి ఒక్కరే. మీ ఇంటికి ఎవరొచ్చారో గమనించే కన్నే అర్ధరాత్రి మీ వాటాలో లైటు వెలగడం గమనించింది. అందులో సగం ఉంచి సగం తీసెయ్యమంటే కుదరదు. మీరు అడుగుతున్న కలివిడి వీధి ఎక్కడ దొరికినా, “సొంత తమ్ముడేనా” అని అడిగే మనిషి ఒకరు ఆ వీధిలో ఉంటారు. ఆ ప్రశ్నని ఏ మేరకు ఓర్చుకోగలరో మీరే తేల్చుకోవాలి. అస్సలు ఓర్చుకోలేనంటే అదీ తప్పు కాదు. అప్పుడు మీ వారు చెబుతున్న గేటెడ్ కమ్యూనిటీయే మీకు సరిపోతుంది. నిష్ఠూరంగా అనడం లేదు, నిజంగానే చెబుతున్నాను.

ఇంకో సంగతి. మీరు వెతుకుతున్నది ఎవరి కోసం? మీ వారు పొద్దున తొమ్మిదికి వెళ్ళి రాత్రి ఎనిమిదికి వస్తారు. మీరు ఇంట్లో ఉన్నా లేనట్టే, పదింటిదాకా తలుపు తియ్యరు. అంటే పగలంతా ఆ వీధిలో, ఆ మెట్ల మీద ఉండేది మీ అత్తగారు. సాయంత్రం నాలుగున్నర తర్వాత ఇద్దరు పిల్లలు. ఇల్లు వెతికేది మీ ఇద్దరూ, వాడుకునేది వాళ్ళు ముగ్గురూ. సత్యనారాయణపురం మీ చిన్నతనం, తాడేపల్లి మీ వారి ముచ్చట. ఆ ముగ్గురి రోజు ఎలా గడుస్తుందన్న లెక్క ఉత్తరంలో ఎక్కడా లేదు. దానితో మొదలుపెడదాం.

సత్యనారాయణపురమే చూడండి. అత్తగారికి అంతకన్నా మంచి చోటు ఈ ఊళ్ళో దొరకడం కష్టం. గుళ్ళు నడక దూరం, కూరలు గుమ్మం ముందుకి, పురాణ కాలక్షేపాలు, ఆవిడ వయసు వాళ్ళు వీధికి పదిమంది. మీ అమ్మమ్మగారి రోజుల్లో రైలు కూత పెట్టుకుంటూ వెళ్ళినచోట ఇప్పుడు బస్సుల కోసమని వేసిన వెడల్పాటి బీఆర్టీఎస్ రోడ్డు ఉంది. సాయంత్రమైతే జనం దానిమీద నడుస్తుంటారు. కానీ బాబు సంగతేమిటి? ఆ పాత ఇళ్ళల్లో చాలావాటిలో మిగిలింది పెద్దవాళ్ళే. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉన్నారు, మనవలు సెలవులకి వస్తారు. మీరు అక్కడ ఆడుకున్న ఆటలు గుర్తున్నాయి గానీ, మీతో ఆడిన పిల్లలు కూడా సెలవులకొచ్చిన వాళ్ళేనేమో ఒకసారి గుర్తుచేసుకోండి. పైగా బాబు బడి కానూరులో. జూన్‌లో ఫీజు కట్టేశారు. పొద్దున్నే ఊరు ఈ చివర నుంచి ఆ చివరికి బస్సులో గంట, సాయంత్రం ఇంకో గంట. తొమ్మిదేళ్ళవాడికి ఆడుకునే పొద్దంతా అందులోనే పోతుంది.

పాత పేటల్లో ఇల్లు చూసేటప్పుడు ఒకటి గమనించండి. టులెట్ బోర్డు కింద “శాకాహారులకు మాత్రమే” అని ఉంటుంది. కొందరికి అది నిజంగానే వంటింటి పట్టింపు. చాలామందికి మాత్రం కులం అడగడానికి దొరికిన మర్యాద మాట. లోపలికి వెళ్ళగానే “మీరేమిటోళ్ళు?” అన్నారంటే ఏది ఏమిటో తెలిసిపోతుంది. అలా అడిగిన ఇంట్లో, వీధి ఎంత కలివిడిదైనా సరే, నేను దిగను. మీ ఇష్టం మీది.

ఇప్పుడు తాడేపల్లి. మీ వారి మాటలో మీరు ఒప్పుకోని మంచి ఒకటుంది. కొత్తగా నిండుతున్న చోట అందరూ కొత్తవాళ్ళే. పాత వీధిలో స్నేహాలు ముప్పయ్యేళ్ళ కిందటే కుదిరిపోయి ఉంటాయి, మనం అంచున నిలబడాలి. కొత్త చోట మొదటి ఏడాది రెండేళ్ళూ ఎదుటివాళ్ళూ మనలాగే మాట కలపడానికి చూస్తుంటారు. వినాయక చవితి పందిరి ఎవరు వెయ్యాలో కూడా అప్పటికి తేలి ఉండదు, చెయ్యి వేసినవాళ్ళదే పెత్తనం. పిల్లలకి కార్ల భయం లేని చోటు, తోటి పిల్లలూ దొరుకుతారు. మీరన్నట్టు అది “డబ్బాల్లాంటి జీవితం” కానక్కర్లేదు.

నష్టం ఎక్కడంటే, అత్తగారి దగ్గర. గేటు దాటితే ఆవిడకి పనికొచ్చేదేదీ నడక దూరంలో ఉండకపోవచ్చు. గుడికి వెళ్ళాలన్నా, ఊరికి వెళ్ళాలన్నా ఎవరో ఒకరు దింపాలి. కృష్ణ మీద వారధి దాటే సాయంత్రం ట్రాఫిక్ మీ వారికి రోజూ ఉండేదే, ఆ టెన్షన్ ఇంట్లోకి వస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, అది ఇరవయ్యేళ్ళ లోను. ఇష్టం లేని అద్దె ఇంటిని వదిలిపెట్టవచ్చు. ఇష్టం లేని సొంతిల్లు వదలదు. మీ వారికి మనసు అక్కడే ఉంటే, కొనకముందు అదే కమ్యూనిటీలో పదకొండు నెలలు అద్దెకుండి చూడమనండి. పదకొండు నెలలంటే ఒక వానాకాలం, ఒక దసరా, ఒక ఎండాకాలం గడుస్తాయి. లిఫ్టు ఆగిపోయిన రోజు ఎవరు ఎవరి సామాను మోశారో తెలుస్తుంది. “అద్దె దండగ కదా” అంటారు. పొరపాటున కొన్న ఫ్లాటు అమ్ముకోవడంకన్నా చవకే.

పటమట గురించి మీరు అడగలేదు గానీ, రైతుబజారూ బడులూ ఆసుపత్రులూ చేరువలో ఉన్నాయని చాలామంది చెబుతారు. నిజమే. అద్దెలూ అందుకు తగ్గట్టే ఎక్కువుంటాయి. భవానీపురం హౌసింగ్ బోర్డు కాలనీ నాకిష్టమైన చోటు, సాయంత్రం కృష్ణ గాలి తగులుతుంది. కానీ మీ బాబు బడికి అది ఊరికి అవతలి కొస. ఈ ఏటికి దాన్ని పక్కన పెట్టండి.

మీరు అసలు లెక్కలోకే తీసుకోని చోటు ఒకటుంది. మీరు ఇప్పుడుంటున్న పోరంకే. పోరంకి, కానూరు, తాడిగడప, యనమలకుదురు 2020లో మున్సిపాలిటీగా కలిసేదాకా నాలుగూ పంచాయతీలే. బందరు రోడ్డు మీద మీకు కనిపించేది అద్దాల షోరూములూ ఐదంతస్తుల అపార్ట్‌మెంట్లూ. రోడ్డు వదిలి లోపలికి నడవండి. అసలు ఊరు అక్కడ ఉంది. రామాలయం, పాత డాబా ఇళ్ళు, అరుగులు, గేదెలు కట్టేసిన కొట్టం ఒకటో రెండో, గుమ్మాల్లో పేడనీళ్ళ కళ్ళాపి. శివరాత్రికి యనమలకుదురు కొండ దగ్గరికి వెళ్ళే ప్రభలు చూశారా? అంతెత్తు ప్రభ కట్టి తీసుకెళ్ళాలంటే ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకునే మనుషులు వందమంది కావాలి. వాళ్ళంతా మీకు ఆటో దూరంలో ఉన్నారు. మీరు ఆ ఊరి అంచున నాలుగో అంతస్తులో కూర్చుని, అమ్మమ్మగారి పేట కోసం ఊరి అవతలికి చూస్తున్నారు.

అక్కడ ఒక కింది వాటా దొరికితే బాబు బడి మారదు, మీ వారి ఆఫీసుకి దారి మారదు. అన్నిటికీ మించి, ఉయ్యూరు వెళ్ళే బస్సులన్నీ బందరు రోడ్డు మీదే వెళతాయి. ఇది చిన్న విషయం కాదు. మీ అత్తగారు “ఊళ్ళో దింపెయ్యండి” అంటున్నది కోడలి మీద కోపంతో కాదని నా నమ్మకం. తనంతట తాను ఎక్కడికీ వెళ్ళలేకపోవడమే ఆవిడ బాధ. పెనమలూరు, కంకిపాడు దాటితే ఉయ్యూరే. పొద్దున టిఫిను తిని బస్సెక్కితే తన తమ్ముడింట్లో భోజనం చేసి, పొలం చూసుకుని, చీకటి పడకముందే వెనక్కి రావచ్చు. ఊరు వదిలిపెట్టి వచ్చానన్న బెంగ, కావాలంటే రేపే వెళ్ళగలనన్న ధైర్యంతో సగం తీరుతుంది.

దీనికీ నష్టాలున్నాయి. పాత డాబాలో మీకు విడిగా ఆఫీసు గది కుదరకపోవచ్చు, మీటింగు మధ్యలో పక్కింటి గేదె అరవొచ్చు. దోమలు. కారు సందులోకి రాకపోవచ్చు. పైన చెప్పిన “సొంత తమ్ముడేనా” ఇక్కడ ఇంకాస్త గట్టిగా ఉంటుంది. వాళ్ళు పుట్టి పెరిగినవాళ్ళు, మీరు నిన్న వచ్చినవాళ్ళు. ఆర్నెల్లదాకా మిమ్మల్ని “ఆ కంప్యూటరమ్మాయి” అంటారు.

ఎక్కడ చూసినా, పదకొండింటికి బ్రోకరు వెంట వెళ్ళి చూడకండి. ఆ వేళ ఏ వీధైనా ఒకేలా ఉంటుంది. సాయంత్రం ఆరింటికి, బ్రోకరు లేకుండా, అత్తగారినీ పిల్లల్నీ వెంటబెట్టుకుని వెళ్ళండి. ఇస్త్రీ బండి దగ్గర ఆగండి. రెండు చీరలు ఇస్త్రీకి ఇచ్చినా తప్పులేదు. ఆ వీధిలో ఎవరింట్లో ఎంతమందో, ఏ ఓనరు ఎలాంటివాడో, ఏ వాటా ఎందుకు తరచూ ఖాళీ అవుతుందో బ్రోకరు కంటే అతనికే బాగా తెలుసు. గేట్లు తీసి ఉన్నాయా, వేసి ఉన్నాయా చూడండి. పిల్లల సైకిళ్ళు గోడకి ఆనించి ఉన్నాయా, గొలుసేసి తాళం పెట్టి ఉన్నాయా చూడండి. అత్తగారు ఎవరి అరుగు మీదనైనా “అమ్మా, కాసిని మంచినీళ్ళు” అని అడిగితే, నీళ్ళు గేటు బయటికి వస్తాయా, ఆవిణ్ణి లోపలికి రమ్మంటారా? నాకైతే ఇల్లు తీసుకోవాలా వద్దా అన్నది అక్కడే తేలిపోతుంది.

అద్దె తక్కువని సింగ్ నగర్, పాయకాపురం వైపు ఎవరైనా చూపిస్తే వద్దనను, కానీ 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి నీళ్ళు ఎంతదాకా వచ్చాయో గోడ మీద చెయ్యి పెట్టి చూపించమనండి. దాచేది లేదు, గీత కనబడుతూనే ఉంటుంది. ముసలావిడ, చిన్నపిల్లలు ఉన్న మీరు ఆ వైపు తీసుకుంటే మొదటి అంతస్తు తప్పనిసరి. అప్పట్లో రోజుల తరబడి నీళ్ళు నిలబడితే కింది వాటాల వాళ్ళు పైవాళ్ళ ఇళ్ళల్లోనే వండుకు తిన్నారు. “మీరెవరింట్లో తలదాచుకున్నారు?” అని అడగండి. ఆ వీధి కథంతా చెబుతారు.

ఇక ఆ డబ్బా. ఆషాఢంలో ఎలాగూ మీరు పాలు పొంగించరు. శ్రావణం దాకా ఇదే ఇల్లు. ఈ లోగా ఎదురింటి తలుపు మీద ఇంకో ప్రయత్నం చేసి చూడండి. ఆ అమ్మాయి గర్విష్ఠి అని మీరు తేల్చేశారు. నాకలా అనిపించలేదు. ఖాళీ డబ్బా తిరిగివ్వకూడదని ఆమెకీ తెలిసే ఉంటుంది. ఏదో ఒకటి చేసి వేసిద్దామని ఈ ఆదివారం, ఆ ఆదివారం అనుకుంటూ మూడు వారాలు గడిపి, చివరికి మొహం చెల్లక వాచ్‌మన్ చేతికిచ్చిందేమో. కొందరికి తీసుకోవడం బరువు. బొబ్బట్లు ఇస్తే అప్పు మిగిలిపోతుంది. అందుకని ఈసారి ఇవ్వొద్దు, అడగండి. అత్తగారిని చిన్న గిన్నె పట్టుకుని వెళ్ళి “పాలు కాచాను, తోడుకి చెంచాడు పెరుగుంటే పెడతావా అమ్మా” అనమనండి. చెంచాడు పెరుగు ఇవ్వడానికి ఎవరూ వంట నేర్చుకోనక్కర్లేదు. దీపాలు పెట్టకముందే వెళ్ళమనండి, చీకటిపడ్డాక పెరుగు ఇవ్వకూడదనే పట్టింపు ఆ ఇంట్లో ఉందేమో మనకి తెలియదు కదా. ప్యాకెట్ పెరుగే ఇస్తే పుచ్చుకు రమ్మనండి, దాంతోనూ తోడుకుంటుంది. మర్నాడు ఒక గిన్నెడు గడ్డపెరుగు పట్టుకెళ్ళి “నీ తోడే” అని ఇవ్వొచ్చు.

సెల్లారు సంగతి మీ వారికి వదిలెయ్యండి. ఆటలు మొత్తం బంద్ చెయ్యడం కాక, సాయంత్రం ఐదు నుంచి ఆరు దాకా ప్లాస్టిక్ బంతితో ఆడనిమ్మని అసోసియేషన్ మీటింగులో అడగమనండి. పగిలిన అద్దం ఖర్చు పిల్లల ఇళ్ళవాళ్ళం తలా కాస్త వేసుకుంటామంటే కారాయన మెత్తబడతాడు. ఆ మాట మీద మీటింగుకి వచ్చే నలుగురు తల్లిదండ్రుల మొహాలు మీరు ఇప్పటిదాకా చూసి ఉండరు.

ఇవేవీ పనిచెయ్యకపోతే శ్రావణంలో మారండి. లోపలి ఊళ్ళోకో, మీ వారి మాట మీద వారధి అవతలికి అద్దెకో. ఏదైనా అగ్రిమెంటు మీద సంతకం పెట్టేముందు అత్తగారిని ఆ గుమ్మంలో ఒక పూట కూర్చోబెట్టి, “ఇక్కడుంటావా అత్తయ్యా?” అని అడగండి. రెండేళ్ళలో రెండు ఇళ్ళు మారారు. ఆ మాట ఆవిణ్ణి ఒక్కసారైనా అడిగినట్టు మీ నాలుగు పేజీల్లో ఎక్కడా లేదు.

పెరుగు తోడుకుందో లేదో మాత్రం ఒక ముక్క రాయండి.